సెల్టిక్ పంక్ లైవ్ ఆల్బమ్: బెజవాడ ఇంట్లో వినే పద్ధతి

పంక్ అంటే వేగంగా, గరుకుగా వాయించే రాక్ సంగీతం. ఆ పంక్ బ్యాండు గిటార్లు, డ్రమ్ములు ఒకపక్క, ఐర్లండ్, స్కాట్లండ్ జానపద వాద్యాలు ఇంకోపక్క. రెండూ ఒకే పాటలో తలపడితే అది సెల్టిక్ పంక్. టిన్ విజిల్, ఫిడేలు, బాంజో, మాండలిన్, అకార్డియన్, బ్యాగ్‌పైప్: ఏ బ్యాండులో చూసినా వీటిలో కనీసం రెండు మూడు ఉంటాయి. 1982లో లండన్‌లో మొదలైన ద పోగ్స్ దీనికి ఆద్యులు. తర్వాత అమెరికాలో బోస్టన్ పక్కనున్న క్విన్సీ నుంచి 1996లో డ్రాప్‌కిక్ మర్ఫీస్, అదే దశాబ్దంలో లాస్ ఏంజెలెస్ నుంచి ఫ్లాగింగ్ మాలీ వచ్చారు.

కొత్తగా వినేవాళ్లు సాధారణంగా స్టూడియో రికార్డుతో మొదలుపెట్టి, రెండు పాటలు విని, ఇంత గోల ఎందుకో అర్థంకాక వదిలేస్తారు. మొదలుపెట్టాల్సింది లైవ్ ఆల్బమ్‌తో. ఈ పాటల్లో పల్లవి గాయకుడి కోసం కట్టింది కాదు, హాల్లో జనం అందుకోవడానికి కట్టింది. స్టూడియోలో ఆ చోటును బ్యాండులోని నలుగురైదుగురు మైకు చుట్టూ చేరి కేకలతో నింపుతారు. అది సరిపోదు. పొన్నెకల్లు నాజర్ గారి బుర్రకథ రికార్డింగులు విన్నవాళ్లకి ఇది వెంటనే పట్టుబడుతుంది: కథకుడు వదిలిన చోట వంతలు అందుకోకపోతే కథ నడవదు. ఇక్కడ వంత పాడేది పక్కనున్న ఇద్దరు కాదు, టికెట్టు కొనుక్కుని వచ్చిన రెండు వేలమంది. ఆ రెండు వేల గొంతులు మీ గదిలోకి చెడకుండా రావాలి. ఆల్బమ్ ఎంపిక దగ్గర్నుంచి జంపఖానా పరచడం దాకా కింద చెప్పేదంతా అందుకే.

ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి

మొదటిది డ్రాప్‌కిక్ మర్ఫీస్ వాళ్ల 'లైవ్ ఆన్ సెయింట్ పాట్రిక్స్ డే'. 2002 మార్చిలో బోస్టన్ లాన్స్‌డౌన్ వీధిలోని అవలాన్ అనే హాల్లో రికార్డు చేసి, అదే ఏడాది సెప్టెంబరులో విడుదల చేశారు. ఏటా మార్చి 17న వచ్చే ఐర్లండ్ వాళ్ల సెయింట్ పాట్రిక్ పండుగకి సొంతూళ్లో వాయించడం ఆ బ్యాండు ఆనవాయితీ. అంటే హాల్లో ఉన్నవాళ్లు పొరపాటున వచ్చినవాళ్లు కాదు, పాటలన్నీ నోటికి వచ్చిన ఊరివాళ్లు. 25కి పైగా ట్రాకులు, చాలావరకు రెండు మూడు నిమిషాలవే. పాటకీ పాటకీ మధ్య ఊపిరి తీసుకోనివ్వరు. శబ్దం నునుపుగా ఉండదు, గిటార్లు గరుకుగా ముందుకొస్తాయి. మొదటిసారి వినేవాళ్లకి అదే మంచిది.

వాళ్లదే 'లైవ్ ఆన్ లాన్స్‌డౌన్' 2009 మార్చి ప్రదర్శనల నుంచి తీసింది, 2010లో వచ్చింది. ఈలోగా అవలాన్ పోయి, ఆ స్థలంలోనే హౌస్ ఆఫ్ బ్లూస్ అనే కొత్త హాలు లేచింది. అదే వీధి, అదే చోటు, అదే పండుగ, ఏడేళ్ల తేడా. రెండో రికార్డులో ప్రతి వాద్యం విడివిడిగా వినిపిస్తుంది. పైప్స్, మాండలిన్ ఎక్కడున్నాయో వేలుపెట్టి చూపించొచ్చు. ఏ వాద్యం ఏమిటో నేర్చుకోవడానికి ఇది పనికొస్తుంది, ఒళ్లు మరిచిపోవడానికి మాత్రం మొదటిదే. రెండిటినీ వారం తేడాతో వినండి, ఒకేరోజు కాదు. గంటకు పైగా ఈ వేగం విన్న చెవి అలసిపోయి, రెండోదాన్ని అన్యాయంగా తూకం వేస్తుంది.

ఫ్లాగింగ్ మాలీ దగ్గర ఒక వింత ఉంది. వాళ్ల తొలి ఆల్బమే లైవ్. వారం వారం వాయించే మాలీ మలోన్స్ అనే పబ్బు పేరే బ్యాండు పేరులోకి వచ్చింది. అక్కడి వాయింపే 1997లో 'అలైవ్ బిహైండ్ ద గ్రీన్ డోర్' అయింది. మొదటి స్టూడియో ఆల్బమ్ 'స్వాగర్' 2000లో గానీ రాలేదు. గాయకుడు డేవ్ కింగ్ డబ్లిన్ మనిషి, అంతకుముందు ఫాస్ట్‌వే అనే హెవీ మెటల్ బ్యాండులో పాడినవాడు. ఆ గొంతు ఫిడేలు పక్కన ఎలా ఒదిగిందో చూడటానికైనా ఈ పబ్బు రికార్డు వినాలి. దీని తర్వాత 2010లో వచ్చిన 'లైవ్ ఎట్ ద గ్రీక్ థియేటర్' పెట్టండి. దాదాపు 5,900 సీట్ల ఆరుబయలు రంగస్థలం అది. పబ్బులో ఒక్కొక్క గొంతు విడిగా వినపడుతుంది, ఇక్కడ జనమంతా కలిసి ఒకే హోరు.

పోగ్స్ విషయంలో జాగ్రత్త. తేలిగ్గా దొరికేది 2012లో పారిస్ ఒలింపియా హాల్లో 30 ఏళ్ల సందర్భంగా చేసిన 'ద పోగ్స్ ఇన్ పారిస్'. బ్యాండు వాయింపు గట్టిది. కానీ అప్పటికి గాయకుడు షేన్ మెక్‌గావన్ గొంతు బాగా అరిగిపోయింది, మాటలు ముద్దగా వస్తాయి. దీంతో మొదలుపెడితే ఇంత పేరు ఎందుకొచ్చిందో అర్థంకాదు. 1988 సెయింట్ పాట్రిక్ పండుగనాడు లండన్ టౌన్ అండ్ కంట్రీ క్లబ్బులో తీసిన వీడియో ముందు చూడండి. ద క్లాష్ అనే పంక్ బ్యాండు గాయకుడు జో స్ట్రమ్మర్, గాయని కిర్‌స్టీ మెకాల్ అతిథులుగా వస్తారు, షేన్ మాంచి ఊపు మీద ఉంటాడు. అది చూశాక పారిస్ రికార్డు వింటే అరిగిన గొంతుక్కూడా ఒక అర్థం కనిపిస్తుంది. 2023 నవంబరు 30న ఆయన పోయాక మరీను.

స్కాట్లండ్ వాసన కావాలంటే కెనడాలోని వాంకూవర్ నుంచి ద రియల్ మెకెంజీస్ ఉన్నారు. 2002లో వచ్చిన లైవ్ ఆల్బమ్ పేరు 'పిస్డ్ టే ద గిల్స్'. నాలుగో ఐదో ఆల్బమ్‌గా పెట్టుకోండి, ముందు వద్దు.

సరుకు సంపాదించేటప్పుడు

బీసెంట్ రోడ్డులో వెతికితే దొరికే సరుకు కాదిది. స్ట్రీమింగ్ యాప్‌లలో పైన చెప్పినవాటిలో చాలావరకు వినొచ్చు. డిస్కే కావాలంటే అమెరికా నుంచి తెప్పించాలి, లేదా అక్కడున్న మనవాళ్లు వచ్చేటప్పుడు పెట్టెలో వేయించుకోవాలి. సీడీకి ఇబ్బంది లేదు, ఎక్కడ కొన్నా ఇక్కడ పాడుతుంది. చిక్కంతా డీవీడీతో. అమెరికా డీవీడీ మీద రీజియన్ 1 అని ఉంటుంది, ఇండియా రీజియన్ 5. ఇక్కడ కొన్న ప్లేయరు చాలాసార్లు దాన్ని తీసుకోదు. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మార్చుకోవచ్చుగానీ ఐదుసార్లే. ఐదోసారి ఏది పెడితే అక్కడే బిగుసుకుపోతుంది. కాబట్టి కొనేముందే డబ్బా వెనక భూగోళం బొమ్మ మీది అంకె చూడండి. సున్నాగానీ, 'ఆల్' అనిగానీ ఉంటే నిశ్చింత.

ఎల్పీ రికార్డులు తెప్పించేవాళ్లకి మన ఎండ శత్రువు. మే నెలలో తలుపులేసిన కారులో అరగంట వదిలితే రికార్డు అప్పడంలా వంగుతుంది. నిలబెట్టి, పడమటి గోడకి దూరంగా పెట్టండి.

ఫోన్లో ముందు మార్చాల్సినవి

ఇక్కడ చేసే పొరపాట్లే ఎక్కువ. లైవ్ ఆల్బమ్‌లో ట్రాకుకీ ట్రాకుకీ మధ్య నిశ్శబ్దం ఉండదు. ఒక పాట చివర జనం హోరు తర్వాతి పాట మొదటి క్షణంలోకి పారుతుంది. యాప్ మామూలు సెట్టింగులు ఆ పారకాన్ని నరికేస్తాయి.

1. షఫుల్ ఆపండి. గాయకుడు ఒక పాటని పరిచయం చేస్తూ అన్న మాటలు అంతకుముందు ట్రాకు చివర ఉంటాయి. వరస మారితే ఆ మాటలు వేరే పాట ముందుకొచ్చి పడతాయి.

2. క్రాస్‌ఫేడ్ సున్నాకి తేండి. ఆరు సెకన్ల క్రాస్‌ఫేడ్ ఉంటే ఒక పాట చివరి కేకల మీద ఇంకో పాట డ్రమ్ములు ఎక్కుతాయి.

3. గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ (పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాకుండా చేసే సెట్టింగు) ఆన్ చేయండి.

4. వాల్యూమ్ నార్మలైజేషన్ ఆపండి. కొన్ని యాప్‌లు ట్రాకు ట్రాకుకీ విడిగా ధ్వని సరిచేస్తాయి. అప్పుడు మెల్లగా సాగే పాట పెరిగి, పెద్ద పాట తగ్గి, ఆల్బమ్ మొత్తం ఒకే ఎత్తున చదునైపోతుంది. నిదానంగా నడిచి ఒక్కసారి పేలడంలో ఉన్న సరదా అక్కడే పోతుంది.

5. ఈక్వలైజర్‌లో 'బేస్ బూస్ట్', హోమ్ థియేటర్‌లో 'హాల్', 'స్టేడియం', 'సరౌండ్' లాంటివి ఏవున్నా తీసేయండి. రికార్డులో అసలు హాలే ఉంది. దాని మీద దొంగ హాలు ఇంకోటి వేస్తే గాయకుడు నూతిలోంచి పాడినట్టుంటాడు.

ఉచిత ఖాతా అయితే మధ్యలో ప్రకటనలు వస్తాయి. వేరే పాటలకి సర్దుకోవచ్చుగానీ ఈ ఆల్బమ్‌లకి అది భరించలేనిది. ఒక్క నెలకైనా డబ్బు కట్టండి.

సొంత సీడీని ఫైళ్లుగా మార్చేవాళ్లు ఫ్లాక్ (FLAC, ధ్వనిలో ఏదీ వదలకుండా దాచే ఫైలు పద్ధతి) వాడటం మేలు. ఎంపీ3 పద్ధతిలోనే ఒక లోపం ఉంది. 1,152 శాంపిళ్ల ముక్కలుగా కత్తిరించి దాచుతుంది కాబట్టి ఫైలు మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుతుంది. ఒక్కో ముక్క 26 మిల్లీసెకన్లు. స్టూడియో ఆల్బమ్‌లో అది ఎవరికీ తెలియదు. జనం హోరు మధ్యలో మాత్రం 'టక్'మని కోసినట్టు వినిపిస్తుంది. ఎంపీ3యే కావాలంటే లేమ్ ఎన్‌కోడర్‌తో చేయండి. ఎంత ఖాళీ చేర్చిందో అది ఫైల్లో రాసిపెడుతుంది, గ్యాప్‌లెస్ తెలిసిన ప్లేయరు దాన్ని చూసి ఖాళీని దాటేస్తుంది.

గది, స్పీకర్లు

ఒక్క డబ్బాలా ఉండే బ్లూటూత్ పార్టీ స్పీకరు ఈ పనికి రాదు. జనం గొంతులు పట్టే మైకులు వేదిక అంచున ఎడమా కుడీ, హాలు లోపలా ఉంటాయి. ఆ వెడల్పంతా ఒక్క బిందువులోకి కుదించేసరికి జనం వచ్చి గాయకుడి మీద పడతారు, కొన్ని చోట్ల ఒకదానికొకటి ఎదురై చెరిగిపోతారు కూడా. రెండు చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక మామూలు స్టీరియో యాంప్లిఫయర్ చాలు. అవి లేకపోతే తీగ ఉన్న మంచి హెడ్‌ఫోన్ నయం.

10 అడుగులు, 12 అడుగుల పడగ్గది అనుకుందాం. స్పీకర్లని పొట్టి గోడవైపు ఆరడుగుల ఎడంలో పెట్టండి. వెనక గోడకి కనీసం అడుగున్నర, మూలలకి రెండడుగులు వదలండి. వినేవాళ్లు రెండు స్పీకర్లకీ సమదూరంలో, ఆరేడు అడుగుల వెనక్కి. స్పీకరులోని చిన్న కోన్ చెవి ఎత్తున ఉండాలి. కింద కూర్చుంటే రెండున్నర అడుగులు, కుర్చీలో అయితే మూడున్నర. షోకేసు అరలో టీవీకి అటూ ఇటూ ఇరికించిన స్పీకర్లు బయటికి రావాల్సిందే.

మన ఇళ్లతో వచ్చే పెద్ద గొడవ నేల. టైల్స్, మార్బుల్, సున్నం గోడలు, పైన స్లాబు: ఎటు చూసినా శబ్దాన్ని తిప్పికొట్టేవే. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టండి. వెనకాల 'టింగ్'మని సన్నటి మోత సాగితే ఈ సంగీతానికి ఆ గది ఇంకా సిద్ధం కాలేదు. టిన్ విజిల్, ఫిడేలు, గిటారు పదును అన్నీ ఆ మోతలో చిక్కుకుని చెవి కోస్తాయి. స్పీకర్లకీ మనుషులకీ మధ్య నేల మీద జంపఖానా లేదా రెండు బొంతలు పరవండి. మనుషుల వెనక గోడకి దూది పరుపు నిలబెట్టండి. కిటికీ అద్దానికి మందపాటి దుప్పటి వేలాడదీయండి. మళ్లీ చప్పట్లు కొడితే తేడా మీకే తెలుస్తుంది. గదిలో ఐదారుగురు మనుషులుంటే సగం పని వాళ్లే చేస్తారు, ఒంటి మీది బట్టలు కూడా శబ్దాన్ని పీలుస్తాయి.

బేస్ గుమ్మరింపు వేరే సమస్య. 12 అడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తాను మోగుతుంది. బేస్ గిటారు లావు తీగ 41 హెర్ట్జ్‌లో మొదలవుతుంది కాబట్టి కొన్ని స్వరాలకి గదంతా ఊగి, మిగతావాటికి ఏమీ ఉండదు. స్పీకర్లని మూలల నుంచి ఇంకో అడుగు లాగండి, కూర్చునే చోటు వెనక గోడకి ఆనకుండా చూడండి. సబ్‌వూఫరు ఉంటే సగానికి తగ్గించండి. ఈ సంగీతానికి గుండెల్లో దడ పుట్టించే బేస్ అక్కర్లేదు.

కూలరు ఆపాలి. ఫ్యాను రెండులో ఉంచొచ్చు.

ఏం వినాలి, ఏ వరసలో

ఆల్బమ్ పెట్టేముందు ఒక పని: పల్లవులు నాలుగైదు తెలుగు లిపిలో కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. మొత్తం పాట వద్దు. బోస్టన్ యాస, డబ్లిన్ యాస మొదటి వినికిడిలో పట్టుబడవు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకి కూడా. పల్లవి చేతిలో ఉంటే చాలు, రెండోసారికి నోట్లోకి వచ్చేస్తుంది.

మొదటి విడత మొత్తం ఆల్బమ్ ఆపకుండా. ఎవరూ ఏమీ వివరించకూడదు. తెలిసినవాడు మధ్యలో పాజ్ నొక్కి ఉపన్యాసం ఇవ్వడం కంటే పెద్ద ద్రోహం లేదు.

రెండో విడత, ఇంకోరోజు, నడకలు పట్టుకోండి. కర్ణాటక సంగీతం కొద్దిగా తెలిసినా ఇది హాయిగా ఉంటుంది. జిగ్ అంటే 6/8: తకిట తకిట, రెండు దెబ్బలు. రీల్ అంటే 4/4: తకధిమి తకధిమి. స్లిప్ జిగ్ 9/8: తకిట మూడుసార్లు. 'ద రాకీ రోడ్ టు డబ్లిన్' అనే పాత ఐరిష్ పాట మూలంలో స్లిప్ జిగ్. డ్రాప్‌కిక్ మర్ఫీస్ 2002 రికార్డులో దాన్ని పంక్ వేగంలో ఎలా పట్టుకున్నారో తొడ మీద తాళం వేసుకుంటూ చూడండి. పంక్ డ్రమ్మరు చేసే అసలు పని ఏమిటంటే, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బ మీద, స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ము) దెబ్బకీ దెబ్బకీ నడుమ. పోల్కా అనే యూరప్ నాట్య వరస కూడా ఇలాగే నడుస్తుంది. అందుకే జానపద వరసలు, పంక్ డ్రమ్ములు అతుకు కనపడకుండా కలిసిపోయాయి. వేగం తెలియాలంటే స్నేర్ దెబ్బలు 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. స్టూడియో రికార్డుకీ అలాగే చేయండి. వేదిక మీద వేగం ఎక్కువగా వస్తే ఆశ్చర్యం లేదు, ఎదురుగా జనం ఎగురుతుంటే డ్రమ్మరు కాలు ఆగదు.

మూడో విడత వాద్యాల కోసం. ఇది ఓపికతో చేయాలి.

టిన్ విజిల్ ఆరు రంధ్రాల చిన్న గొట్టం. ఎక్కువగా వాడేది డి విజిల్, మన లెక్కలో రెండు శ్రుతి. అడుగు స్వరం 587 హెర్ట్జ్ దగ్గర మొదలై రెండు స్థాయిలు పైకి, 2,349 దాకా వెళ్తుంది. పై స్థాయికి వేళ్లు మార్చక్కర్లేదు, గట్టిగా ఊదితే చాలు. చిక్కు కూడా అక్కడే. ఊపిరి పెరిగితే శ్రుతి కూడా పైకి జారుతుంది. లైవ్ రికార్డులో పాట వేడెక్కేకొద్దీ విజిల్ గిటారు కంటే కాస్త పైన పలుకుతుంటే అది మీ స్పీకరు తప్పు కాదు. పోగ్స్‌లో దీన్ని వాయించేది స్పైడర్ స్టేసీ. పాత వీడియోల్లో తాళం కోసం రేకు పళ్లెంతో తన తల తనే బాదుకునే మనిషి ఆయనే.

స్కాటిష్ హైలాండ్ పైప్స్‌కి వాల్యూమ్ లేదు, విరామం లేదు. సంచిలో గాలి ఉన్నంతసేపూ శ్రుతి గొట్టాలు మోగుతూనే ఉంటాయి. పాట వాయించే గొట్టంలో తొమ్మిదే స్వరాలు. దాని ఆధార శ్రుతి మన ఆరున్నర దగ్గర, మామూలుగా 466 హెర్ట్జ్ కంటే కొద్దిగా పైన ఉంటుంది. గిటార్లతో కలవాలి కాబట్టి బ్యాండు పైపర్లు సరిగ్గా 466కి కుదిరే గొట్టం వాడతారు. ఫోన్లో తంబూరా యాప్ తెరిచి ఆరున్నర పెట్టి చూడండి, పైప్స్ పాటల్లో శ్రుతి ఇట్టే కలుస్తుంది. బ్యాండు ఏ శ్రుతిలో పాడాలన్నది ఆ పాటకి గాయకుడు కాదు, పైపరు నిర్ణయిస్తాడు.

బాంజో ఇక్కడ నాలుగు తీగల టెనర్ బాంజో. ఫిడేలు స్వరాలే, ఒక స్థాయి కింద. గిటార్ల హోరులోంచి గులకరాళ్లు రాలినట్టు వినపడేది అదే. మాండలిన్‌ని వేదిక మీద మైకు ముందు కాకుండా లోపల అతికించిన పికప్‌తో (వాద్యం అదురును నేరుగా పట్టే చిన్న పరికరం) పంపుతారు, అందుకే లైవ్‌లో దాని శబ్దం కాస్త పొడిగా, పలుచగా ఉంటుంది. అకార్డియన్ ఎడమ చేతి బొత్తాలు బేస్ గిటారులో కలిసిపోతాయి, వాటికోసం వెతకొద్దు, కుడి చేతి మెట్లు పట్టుకోండి.

ఇక జనం. హాలు చివరి గొంతు వేదిక మైకుకి చేరాలంటే 34 మీటర్లకి దాదాపు పదో వంతు సెకను పడుతుంది. కాబట్టి జనం పల్లవి తాళానికి ఎప్పుడూ కాస్త వెనకే ఉంటుంది. మిక్సింగ్ చేసే ఇంజనీరు ఆ ట్రాకుని ముందుకి జరిపి సరిచేయొచ్చు, లేదా అలాగే వదలొచ్చు. పూర్తిగా సరిచేస్తే జనం కృత్రిమంగా వినిపిస్తారు. హాలు ఎంత పెద్దదో చెవికి తెలిసేది ఆ వెనకబాటు వల్లే. పబ్బు రికార్డు తర్వాత గ్రీక్ థియేటర్ రికార్డు వినమన్నది ఇందుకే. ఇంకోటి గమనించండి: గాయకుడు పల్లవి మధ్యలో మైకు నుంచి తప్పుకునే క్షణం. ఆ ఒక్క వరసలో డ్రమ్ములు కూడా తగ్గితే అది ముందే అనుకున్నది. తగ్గకుండానే జనం పైకి లేస్తే అప్పటికప్పుడు జరిగింది.

లైవ్ ఆల్బమ్ అని రాసి ఉన్నంతమాత్రాన అంతా లైవ్ కాదు. తర్వాత స్టూడియోలో గొంతు సరిచేసి అతికించడం పాత అలవాటే. పాటల మధ్య మాట్లాడే గొంతులో హాలు ధ్వని ఉండి, పాడే గొంతులో లేకపోతే అనుమానించొచ్చు. అలాగని ఆల్బమ్‌ని పారేయక్కర్లేదు.

సాహిత్యం మీద రెండు మాటలు. తాగుడు పాటలు చాలా ఉన్నాయి, నిజమే. కానీ వాటి పక్కనే సమ్మెలు, రేవు కూలీలు, ఊరొదిలి ఓడెక్కిన కొడుకులు ఉంటారు. డ్రాప్‌కిక్ మర్ఫీస్ కార్మిక సంఘాల పక్షం బాహాటంగానే వహిస్తారు. వాళ్ల పాటల్లో అందరికీ తెలిసిన 'ఐయామ్ షిప్పింగ్ అప్ టు బోస్టన్' మాటలు అమెరికా జానపద గాయకుడు వుడీ గత్రీ రాసిపెట్టినవి. ప్రజానాట్యమండలి పాటలు పుట్టిన నేల మీద, ఇంటికొకరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఊళ్లలో ఈ పాటలకి అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎంత సౌండు, ఎన్ని గంటలకి

కూర్చున్న చోట 80 నుంచి 85 డెసిబెల్స్ సరిపోతుంది. ఫోన్లో ధ్వని కొలిచే యాప్ ఉజ్జాయింపుగా చెబుతుంది. 85 దగ్గర ఎనిమిది గంటలు వినొచ్చనేది ఒక ప్రమాణం. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంటే మిగులుతుంది, ఆల్బమ్ అంతకంటే పొడుగు. 75 కంటే తగ్గిస్తే జనం వెనక్కి వెళ్లిపోయి గిటారే మిగులుతుంది. అంత తగ్గించాల్సిన పరిస్థితి ఉంటే హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

చట్టప్రకారం నివాస ప్రాంతంలో బయట వినిపించే శబ్దానికి పరిమితి పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్. ఏడున్నరకి మొదలుపెడితే తొమ్మిదికి అయిపోతుంది. అపార్టుమెంటులో అయితే పై ఇంటికీ పక్కింటికీ ముందు చెప్పండి. మార్చి 17 పండుగనాడే పెట్టుకోవాలని ఉంటే ఒక చిక్కు ఉంది, అది పదో తరగతి పరీక్షల కాలం. పక్కింట్లో పిల్లలు చదువుకుంటుంటే దగ్గర్లోని ఆదివారం మధ్యాహ్నానికి మార్చండి. ఆ పండుగ కచేరీ బోస్టన్ నుంచి ప్రత్యక్ష ప్రసారమైతే అక్కడి రాత్రి ఎనిమిది మనకి మర్నాడు తెల్లవారి ఐదున్నర, అప్పుడూ హెడ్‌ఫోనే.

తినడానికి మెత్తనివి పెట్టండి. మిరపకాయ బజ్జీలు, పునుగులు మంచివి. చిప్స్, చేగోడీలు మెల్లగా సాగే పాటల్ని చంపేస్తాయి. పాటల్లో విస్కీ పారుతున్నంతమాత్రాన మీ గదిలో పారాలని లేదు, గోలీసోడాతో కూడా పల్లవి అందుకోవచ్చు.

కుదరనప్పుడు

పైప్స్ రాగానే చెవి కోస్తుంటే మొత్తం సౌండు తగ్గించొద్దు. 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి, స్పీకర్లని చెవివైపు సూటిగా కాకుండా కొంచెం బయటికి తిప్పండి. జనం ఒకవైపే వినిపిస్తుంటే బ్యాలెన్స్, తర్వాత తీగలు చూడండి. గాయకుడు మధ్యలో కాకుండా ఎక్కడో గాల్లో తేలుతున్నట్టుంటే ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయి. డీవీడీలో పెదాలకీ మాటకీ పొత్తు కుదరకపోతే బ్లూటూత్ ఆలస్యం అది, తీగతో కలపండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా అంతా ఒకే రొదలా అనిపిస్తే వరసగా ఎక్కువ విన్నారని అర్థం. ఆపి మర్నాడు పెట్టండి.

ఇంతా విన్నాక జనం చేసే పని ఎంతో తూచి చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. 2020లో కరోనా వల్ల బోస్టన్ పండుగ కచేరీలు ఆగిపోయాయి. డ్రాప్‌కిక్ మర్ఫీస్ మార్చి 17న ప్రేక్షకులు లేకుండా వాయించి ఉచితంగా ప్రసారం చేశారు. మే 29న లాన్స్‌డౌన్ వీధి పక్కనే ఉన్న ఫెన్‌వే పార్కు బేస్‌బాల్ మైదానంలో, ఖాళీ స్టేడియంలో దూరదూరంగా నిలబడి మళ్లీ వాయించారు. అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తెర మీద నుంచి గొంతు కలిపాడు. ఆ వీడియో నుంచి ఒక పాట, 2002 రికార్డు నుంచి అదే పాట ఎంచుకుని వెంటవెంటనే పెట్టండి. ముందు ఖాళీ మైదానం, తర్వాత అవలాన్ హాలు.